సొరచేప మీది ఎరుపు

1934 ఐప్పసి నెల వానల్లో, నా బిడ్డ బొమ్మక్కకు మూడో నెల నడుస్తుండగా నాకు పాలు తగ్గాయి. మా అత్త మునియమ్మాళ్ కోవిల్పట్టి సంతకు పోయి ఉప్పేసి ఎండబెట్టిన సొరచేప తెచ్చింది. సొర తింటే బాలింతకు పాలు పడతాయని మా వైపు నమ్మకం. అత్త ఎర్రగా ఉన్న ముక్కలే ఏరి తెచ్చింది.

"రత్తం ఇంకా ఇంకలేదు చూడు. ఈ రత్తమే నీకు పాలయ్యేది."

రెండు రోజులు తిన్నాను. మూడో రోజు బిడ్డకు నీళ్ళ విరేచనాలు పట్టుకున్నాయి. ఒక ముక్క కోసి చూశాను. లోపల తెల్లగానే ఉంది. ఎరుపంతా పైన, ఉప్పు అంటిన చోటే. రక్తమైతే లోపల ఉండొద్దా అని అడిగాను.

"అయిదో క్లాసు చదివినావని చేపకు వైద్యం చేస్తావటే?" అంది అత్త.

తినకపోతే పాలు ఆగిపోతాయేమో. తింటే బిడ్డ ఏమవుతుందో. ఆ రోజు తినలేదు.

మరునాడు మా తమ్ముడు పొన్నయ్య వచ్చాడు. వాడికి తూత్తుకుడిలో ఉప్పుమడుల్లో పని. వానలకు పని ఆగితే రైలెక్కి, ఒక బుట్ట పచ్చి చాళచేపలతో దిగాడు. ముక్క చూసి నవ్వాడు.

"ఇది రత్తం కాదక్కా. మా ఉప్పుమడుల్లో నీళ్ళు చిక్కబడితే ఇట్లే ఎర్రగా అవుతాది. కంటికి కనపడని పురుగులంట. ఉప్పుతో వచ్చి చేప మీద పెరుగుతాయంట. చేపలాఫీసు దొర భూతద్దం పెట్టి చూసి చెప్పినాడు."

"తింటే?"

"రంగు తిరిగింది తినద్దన్నాడు."

"ఉప్పుకు పురుగు పడుతాదా!" అంది అత్త. "ఉప్పులో నాని నాని మీ తమ్ముడికి బుర్ర చెడింది."

నేను రెండు మట్టిచట్లు తీసుకున్నాను. రెంటిలోనూ వాడు తెచ్చిన చాళలే వేశాను. ఒకదానిలో సొరముక్కల నుంచి రాలిన ఉప్పు చల్లాను. రెండో దానిలో, పురుగుంటే చావాలని పెనం మీద బాగా వేయించిన ఉప్పు. తాటాకు మూతలు పెట్టి వేరువేరు మూలల్లో ఉంచాను. సొర మానేసి వెల్లుల్లి అన్నం తిన్నాను. పాలు కొంచెమే వచ్చాయి గాని బిడ్డకు విరేచనాలు ఆగాయి. అయినా అత్త మాటే నిజమైతే ఎట్లా అని భయం పోలేదు. అత్త మాత్రం రోజూ నాకంటే ముందే మూతలు తీసి చూసేది.

తొమ్మిదో రోజు మొదటి చట్టిలో చాళలు ఎర్రబడ్డాయి. రెండో దానిలోవి తెల్లగానే ఉన్నాయి.

అత్త వేలితో గీకి వాసన చూసింది. బూడిద వేసి చెయ్యి రుద్దుకుంది. సొరముక్కలన్నీ పెంటగుంటలో పారేసి, చెంగు దోపుకొని బయలుదేరింది.

"యాడికత్తా?"

"వెనకవీధి వేలమ్మాళ్ ఇంటికి. అది గూడా పచ్చి బాలింత గదా. నిన్న నాలుగు ముక్కలిచ్చినా, ఎర్రవే ఏరి."

మూడు ముక్కలతో తిరిగొచ్చింది. నాలుగోది వేలమ్మాళ్ అప్పటికే తినేసిందట. ఆ బిడ్డ ఎట్లా ఉందోనని నేను మూడు రోజులు పొద్దునా సాయంత్రం పోయి చూశాను. ఏమీ కాలేదు.