మూడో తరగతి నానమ్మ

మిక్సీ గొంతు చించుకుంటుండగా, కోడలు ఫోన్లో వాళ్ళ అక్కతో అన్న మాట హాల్లో ఉన్న నానమ్మ చెవిన సగమే పడింది. "పరీక్ష అయిపోగానే అత్తయ్యకి టీ ఇచ్చేస్తానక్కా!"

నానమ్మ పొంగిపోయింది. పరీక్ష రాస్తే టీ పోసే బడి ఇంకెక్కడుంటుంది? వెంటనే అలమారలోంచి తన పెద్ద కప్పు తీసి, పమిటతో తుడిచి, డైనింగ్ టేబుల్ మీద పెన్సిల్ పక్కన పెట్టుకుంది.

"అదెందుకు నానమ్మా?" అంది మనవరాలు. ప్రతిదానికీ వాదిస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ దాన్ని లాయరు అంటారు.

"మీ అమ్మ టీ ఇస్తానందిగా."

"టీ కాదు, టీసీ. మూడో తరగతి పాసైతే నీకిక బడి లేదు. సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించేస్తుంది."

ఆ మాటకి నానమ్మ చెయ్యి తగిలి కప్పు బోర్లా పడింది. ఖాళీది కాబట్టి బతికిపోయింది.

ఆ ఇంట్లో పిల్లలు బడికి వెళ్ళరు. బడే పొద్దున్నే చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వస్తుంది. మధ్యాహ్నం షిఫ్టులో బస్సు నడిపే కొడుకు, గరిటెతో గిన్నె మూత మీద ఠంగున కొడితే అదే బెల్లు. బెల్లు పడ్డాక చుట్టరికాలు చెల్లవు. అమ్మ టీచరవుతుంది, నాన్న ప్యూనవుతాడు.

మొదట్లో నానమ్మ సోఫాలో కూర్చుని పాఠం మధ్యలో సలహాలు విసిరేది. "క్లాసులో ఉన్నవాళ్ళంతా స్టూడెంట్లే. కాదంటే బయటికెళ్ళాలి" అంది టీచరు. బయటంటే ముందుగది. అక్కడ ఒక మంచం, ఒక గడియారం. ఆ గడియారం కూడా ముభావం మనిషి, గంటకోసారి తప్ప నోరు విప్పదు. నానమ్మ మారు మాట్లాడకుండా మూడో తరగతిలో చేరిపోయింది, మనవడు గుండుగాడి పక్క కుర్చీలో.

చేరాక ఆవిడ అల్లరికి పట్టపగ్గాల్లేవు. ఓసారి గోడకుర్చీ వేయమంటే, "మోకాళ్ళు సహకరించవు టీచర్, వాలుకుర్చీ వేస్తాను" అని నిజంగానే వేసి, అందులో గుర్రుపెట్టింది. టీచరు గార్డియన్ని పిలిపించింది. గార్డియనంటే ఎవరో కాదు, గరిటె పట్టుకున్న ప్యూనే.

"మీ అమ్మాయి బాగానే చదువుతోందండీ. మీ అమ్మతోనే వేగలేకపోతున్నాం. ఇంట్లో ఆవిణ్ణి ఎలా పెంచారు?"

"ఆవిడే నన్ను పెంచిందండీ" అన్నాడు ప్యూను, గరిటెతో తల గోక్కుంటూ.

ఇంత సందడి వదిలేసి మళ్ళీ గడియారం దగ్గరికా? నానమ్మ పెన్సిల్ చెక్కుతూ చెక్కుతూ నిశ్చయించేసుకుంది. ఎలాగైనా ఫెయిలవ్వాలి.

తీరా పేపరు ముందుకొచ్చాక అదీ అంత తేలిక కాదని తెలిసింది. అత్తగారు గట్టెక్కాలని కోడలు ప్రశ్నలన్నీ వెన్నలా ఇచ్చింది. "సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడు?" నానమ్మ ముసిముసిగా నవ్వుకుంటూ "మా వంటింటి కిటికీ దిక్కున" అని రాసింది. రాశాక గుర్తొచ్చింది. ఆ కిటికీ తూర్పుకే ఉంది! గబగబా కొట్టేసి "పడకగది దిక్కున" అని దిద్దింది. "ఆవు మనకేమిస్తుంది?" అంటే "దగ్గరికెళితే ఒక్క తన్ను." "ఏడు ఎనిమిదులెంత?" అంటే "అడిగేవాళ్ళని బట్టి." ఇలా పేపరంతా నింపి, తృప్తిగా మంచినీళ్ళకి లేచింది.

పక్కనుంచి తొంగిచూసిన గుండుగాడికి ఏడుపొచ్చినంత పనైంది. అటు ప్యూనేమో, తల్లి తిరిగొచ్చి ఇంకేమైనా రాసుకుంటుందేమోనని, బెల్లు కొట్టకుండా గరిటె వీపు వెనక దాచుకుని సీలింగు ఫ్యాను కేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ సందులో గుండుగాడు రబ్బరు తీసి నానమ్మ పేపరు పరపరా చెరిపేసి, ఒప్పులన్నీ కుక్కేశాడు. తిరిగొచ్చిన నానమ్మ ఇక చూసేదేముందని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని దర్జాగా కూర్చుంది.

టీచరు పేపర్లు దిద్ది గొంతు సవరించుకుంది. "పెద్దావిడకి నూటికి నూరు. గుండుకి గుండుసున్నా."

"అన్యాయం!" నానమ్మ టేబుల్ చరిచింది. "నేను పాసవడమేంటి? ఒక్కటి ఒప్పు రాస్తే ఒట్టు! మళ్ళీ దిద్దండి!"

"ఈ కేసు నేను తీసుకుంటున్నా" అని లాయరు లేచి, పేపర్ని ట్యూబులైటుకి ఎత్తి చూసింది. "టీచర్, ఇక్కడ పాల కింద 'తన్ను' కనిపిస్తోంది!"

గుండుగాడు బావురుమన్నాడు. "నేనే మార్చా. ఫెయిలైతే నానమ్మ ఏడుస్తుందని. నాది రాసుకోడానికి టైం చాల్లేదు."

"పాసైతే ఏడుస్తారా, పిచ్చి సన్నాసీ!" అంది నానమ్మ, ఏడుస్తూనే. "టీసీ ఇచ్చి ముందుగదికి తోలేస్తుందట మీ అమ్మ."

కోడలి చేతిలో ఎర్ర పెన్ను జారిపోయింది. "తోలేయడమేంటి అత్తయ్యా!" బడివేళని కూడా చూడకుండా చుట్టరికం నోరుజారింది. "రోజూ బెల్లెప్పుడు, బెల్లెప్పుడని నా ప్రాణం తీస్తారుగా! పాపం విసిగిపోయారు, విడిపిద్దామనుకున్నాను. మా అక్కతో అన్నదీ అదే."

"బెల్లు పడితేనేగా నేను మళ్ళీ అత్తనయ్యేది! పొద్దుట్నుంచీ నువ్వు నన్నన్నవన్నీ నీకు తిరిగి అనొద్దూ?"

ప్యూనుకి నవ్వాగక గరిటె వణికింది.

టీచరు వంగి పెన్ను తీసుకుంది. "ఫలితాలు రద్దు. పెద్దావిడ, గుండు, బెల్లు ఆపిన ప్యూను, ముగ్గురూ మళ్ళీ మూడో తరగతే."

"నేను కూడానా?" అన్నాడు ప్యూను.

"థాంక్యూ టీచర్" అంది నానమ్మ, అతి బుద్ధిగా.

అంతలో ప్యూను చేతిలోని గరిటె ఠంగున మూత మీద పడింది. నానమ్మ నడుం నిటారైంది. కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, కప్పు ముందుకి తోసింది.

"అమ్మాయ్, టీ పట్రా. పక్కన సీ తగిలించావంటే ఊరుకోను."