పగలని చక్రం

ఆ వీధిలో అందరూ ఆయన్ని అద్దం మాస్టారు అనేవాళ్లు. కార్ల చక్రాలకు రంగు వేయడం ఆయన పని. ఆయన రంగు వేసిన చక్రంలో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చని పేరు. ఇరవై ఆరేళ్లుగా అదే షెడ్డు, అదే స్ప్రే గన్ను, అదే పొడి దగ్గు. పనిలో ఎవరినీ మోసం చేసి ఎరగడు. రంగు కింద సొట్ట కప్పబడిపోతుందని తెలిసినా "ఇక్కడ సొట్ట ఉంది, చూసుకోండి" అని వేలితో తడిమించి మరీ పని మొదలుపెట్టేవాడు. అలాంటి మనిషి ఒక మంగళవారం ఉదయం పట్టుమని అర నిమిషం పట్టని ఒక అబద్ధం ఆడాడు.

ఆ రోజు వచ్చింది పళ్ల డాక్టరమ్మ. ఆవిడ కారుకు కుడివైపు రెండు చక్రాలూ ఫుట్‌పాత్ అంచుకు రాసుకుని గీరుకుపోయాయి. మిగతా రెండూ కంకర రాళ్ల దెబ్బలకు పెచ్చులూడి ఉన్నాయి.

"మాస్టారూ, రంగు వేయించమంటారా, పౌడర్ కోటింగ్ చేయించమంటారా? మా ఆయన పౌడరే గట్టిదంటున్నారు" అంది.

సరైన జవాబు మాస్టారికి తెలుసు. పౌడర్ కోటింగ్ అంటే పాత రంగంతా గీకేసి, పొడిరంగు చల్లి, ఓవెన్‌లో పెట్టి కాల్చడం. వేడి అదుపులో ఉన్నంతవరకు చక్రానికి ఏమీ కాదు. రోజూ కంకర రోడ్డు మీద తిరిగే మనిషికి కళ్లు మూసుకుని అదే చేయించుకోమనాలి. కానీ ఆ పని చేసే షెడ్డు ఊళ్లో ఒక్కటే ఉంది. అది ఆయన బావమరిదిది.

భార్యకు ఒక్కడే తమ్ముడు. పదకొండేళ్లు మాస్టారి దగ్గరే పనిచేశాడు. గరుకు తీసే ఉప్పు కాగితం పట్టుకోవడం దగ్గర్నుంచి చివరి పూత దాకా ఆయన చేతులు చూసే నేర్చుకున్నాడు. రెండేళ్ల కిందట "ఓవెన్ కొందాం బావా, ఇద్దరం కలిసి నడుపుదాం" అన్నాడు. "పొయ్యి పెట్టుకోవడానికి మనమేమైనా వంటవాళ్లమా?" అని మాస్టారు నవ్వి తీసిపారేశాడు. అతను వెళ్లి విడిగా పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి మాస్టారి షెడ్డులో గోడ వారగా పేర్చిన చక్రాల వరస పొట్టిదవుతూ వచ్చింది. ఆ సంగతి ఆయన పైకి అన్లేదు. బావమరిది ఇంటికి వస్తే ఎప్పట్లాగే నవ్వుతూ మాట్లాడేవాడు.

డాక్టరమ్మ జవాబు కోసం చూస్తోంది.

"పౌడరా? చేయించుకోవచ్చమ్మా" అన్నాడు మాస్టారు, చేతిలో పని ఆపకుండానే. "కాకపోతే ఆ వేడికి చక్రంలో పస పోతుంది. మొన్న ఒకాయన చక్రం నడిరోడ్డు మీద రెండు ముక్కలైంది. నా కళ్లారా చూశాను."

చూడలేదు. అలాంటి చక్రమే లేదు.

"అమ్మో! నేను పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతాను" అని డాక్టరమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. రంగే వేయమంది. ఆవిడ వెళ్లాక మాస్టారు ఉప్పు కాగితం అందుకున్నాడు. ఒక్క కారు కోసం అన్న ఒక్క మాట, పోతే పోయిందిలే అనుకున్నాడు.

పళ్ల డాక్టరుకి ఒక సౌకర్యం ఉంది. నోరు తెరుచుకుని కూర్చున్నవాడు ఎదురు చెప్పలేడు, ఆవిడ ఏం చెప్పినా పూర్తిగా వినాల్సిందే. నోరు తిరిగి తన చేతికి వచ్చాక బయటికెళ్లి, దానికి తన వంతు కలిపి పదిమందికీ చెబుతాడు. మూడు వారాల్లో ఆ చక్రం ఊరంతా దొర్లి మాస్టారి షెడ్డుకే తిరిగొచ్చింది. మోసుకొచ్చింది పార్సిళ్ల వ్యాను డ్రైవరు.

"విన్నారా మాస్టారూ? పౌడర్ చేయించిన చక్రం పగిలి కారు పల్టీ కొట్టిందట. లోపల ముసలాయనకి కాలు విరిగిందట పాపం!"

"అట్లాగా?" అన్నాడు మాస్టారు. ఆ మాట తన గొంతులోంచి అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆయనకే అర్థం కాలేదు.

ఆ సాయంత్రం భార్య బట్టలు మడతపెడుతూ అడిగింది. "తమ్ముడి దగ్గరికి పది రోజులుగా ఒక్క చక్రం రాలేదట. ఏదో పుకారు తిరుగుతోందట. మీ చెవిన పడిందా?"

"ఊళ్లో మాటలకేంలే" అని మాస్టారు లేచి వెళ్లి, అవసరం లేకపోయినా చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే బావమరిది మాస్టారి షెడ్డుకొచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావా, ఆ పగిలిన చక్రం ఎవరిది?"

మాస్టారు చేతిలో పని ఆపేశాడు. తెలిసిపోయిందనుకున్నాడు. కానీ అతని చూపులో కోపం లేదు.

"ఎవర్నడిగినా ఎవరో చెప్పారంటారు తప్ప మొదట చెప్పిందెవరో తేలట్లేదు. ఈ పనిలో నీకు తెలియనివాళ్లు లేరు కదా. నువ్వు వాకబు చేస్తే దొరుకుతుంది. నాకు ఆ చక్రం కావాలి బావా."

"ఉత్త పుకారు అయ్యుంటుందిరా. వదిలెయ్."

"ఎలా వదిలెయ్యను? కిందటేడు ఎండాకాలంలో ఒకరోజు ఓవెన్ మీటరు ఇరుక్కుపోయింది. వేడి ఎంత దాటిందో తెలీదు. లోపల నాలుగు చక్రాలున్నాయి. పక్కన పడేసి, వాళ్లకి కొత్తవి తెచ్చి ఇచ్చాననే గుర్తు. ఇప్పుడు ఆలోచిస్తే పడేశానో, పొరపాటున అవే బిగించి పంపానో చెప్పలేకపోతున్నాను. షెడ్డంతా వెతికాను, కనబళ్లేదు." అతను మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరికో కాలు విరిగిందట బావా. నా వల్ల."

చెప్పాల్సిన సమయం అదే. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మాస్టారు దాన్ని మింగేసి "ఏం చేద్దామంటావు?" అన్నాడు.

"ఆ ఎండాకాలంలో నేను చేసిన ప్రతి చక్రం విప్పి చూస్తాను. యాభై మూడు కార్లు."

"నేనూ వస్తాను పద."

అలా మాస్టారు తను పుట్టించిన చక్రాన్ని వెతకడానికి తనే బయల్దేరాడు. ఇంటింటికీ వెళ్లడం, కారు జాకీ మీద లేపడం, చక్రం విప్పడం. చెక్క సుత్తితో చుట్టూ తట్టి చప్పుడు వినడం. ఆ పైన ఎర్ర మందు పూసి తుడిచేసి, తెల్లటి పొడి చల్లి కాసేపు ఆగడం. కంటికి కనబడనంత సన్నటి పగులున్నా అందులో దాక్కున్న ఎరుపు తెలుపు మీదికి గీతలా ఊరి వస్తుంది. ఏ చక్రం మీదా గీత రాలేదు. రాదని తెలిసిన ఒక్క మనిషీ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని బోల్టులు అందిస్తున్నాడు.

చక్రాలకంటే మనుషులతోనే కష్టమైంది. ప్రతి గడపలోనూ బావమరిది అదే పాఠం ఒప్పజెప్పేవాడు. "నా పనిలో లోపం ఉందేమోనని అనుమానమండీ. ఉంటే కొత్త చక్రం నేనే వేయిస్తాను." కొందరు మంచినీళ్లిచ్చారు. కొందరు తలుపు తీయలేదు. ఒకాయనైతే "ఈ పెద్దాయన దగ్గర పని నేర్చుకుని కూడా ఇలా తయారయ్యావేమయ్యా" అని మాస్టారిని చూపించి చీవాట్లు పెట్టాడు. మాస్టారు తల దించుకుంటే అది మంచితనమనుకున్నారు.

పదో రోజు ఒక బస్సు కండక్టరు ఇంటికి వెళ్లారు. వాన తుంపర పడుతోంది. చక్రం నేల మీద పడుకోబెట్టి పొడి చల్లుతుంటే కండక్టరు వరండాలో నిలబడి అందుకున్నాడు. "ప్రాణాలతో చెలగాటమా? రేపు నా భార్యాబిడ్డలకేదైనా అయితే ఎవడిది బాధ్యత?"

"తప్పేనండీ" అన్నాడు బావమరిది. తలెత్తలేదు. "తప్పు నాదేనండీ."

కండక్టరు విసురుగా లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. మాస్టారి చేతిలోంచి బోల్టు జారి నీళ్లలో పడింది.

"ఆ చక్రం లేదురా" అన్నాడు.

"నన్ను ఓదార్చకు బావా."

"ఓదార్చడం కాదు. పగిలిన చక్రమూ లేదు, కాలు విరిగినాయనా లేడు. డాక్టరమ్మ పౌడర్ గురించి అడిగితే నేనే కల్పించి చెప్పాను. కళ్లారా చూశానని చెప్పాను."

బావమరిది చక్రం మీదికి వంగి, పొడి ఆరిందో లేదో చూశాడు. గీత లేదు. చక్రం ఎత్తి బిగించాడు. నీళ్లలో పడ్డ బోల్టు తనే తీసి తుడుచుకున్నాడు. అన్నీ బిగించాక అడిగాడు.

"ఎందుకు?"

"నా దగ్గరికి పని రావడం తగ్గిపోయింది. అందరూ నీ దగ్గరికే..."

"ఒక్క చక్రమే గీరుకున్నవాళ్లకి ఓవెన్ దండగని నీ దగ్గరికే పంపుతున్నాను. స్కూలు వ్యాను ఆయన్ని ఎవరు పంపారనుకున్నావు? ఆ మందుల షాపు అన్నదమ్ముల్ని?"

వాళ్లంతా తన పేరు విని వచ్చారనే మాస్టారు ఇన్నాళ్లూ అనుకున్నాడు.

బావమరిది జాకీ దించి సంచిలో వేసుకున్నాడు. "ఇంకా పంతొమ్మిది కార్లున్నాయి."

"ఇంకెందుకురా? లేదన్నానుగా!"

"మీటరు ఇరుక్కున్న మాట నిజమే కదా. నేను చూసుకుంటాను. మీరు ఇంటికెళ్లండి."

ఇన్నేళ్లలో అతను మాస్టారిని 'మీరు' అనడం అదే మొదలు. మర్యాద మాటే. మాస్టారికి మాత్రం చెంప మీద చరిచినట్టయింది. వానలో నడుచుకుంటూ ఇంటికొచ్చి భార్యకి మొత్తం చెప్పాడు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. తడిసిన తల తుడుచుకోమని తువ్వాలు కూడా ఇవ్వలేదు.

"ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లండి. ఆ తర్వాత నాతో మాట్లాడండి" అంది.

మర్నాడు క్లినిక్ ముందు గదిలో అయిదుగురు దవడలు పట్టుకుని కూర్చున్నారు. డాక్టరమ్మ బయటికి రాగానే మాస్టారు అందరికీ వినబడేలా చెప్పేశాడు. ఆవిడ విని చిరునవ్వు నవ్వింది.

"బావమరిది కదా, వెనకేసుకొస్తున్నారు. ఎంత మంచి మనసు మాస్టారూ మీది!"

"వెనకేసుకురావడం కాదమ్మా. ఆ రోజు చెప్పిందే అబద్ధం."

"మీరు అబద్ధం ఆడతారంటే ఈ ఊళ్లో ఎవరైనా నమ్ముతారా?" అందావిడ. దవడ వాచిన ఒకాయన కూడా మాట్లాడలేక తల అడ్డంగా ఊపాడు. ఇరవై ఆరేళ్ల మంచి పేరు అడ్డంపడి నిజాన్ని గుమ్మం దాటనివ్వలేదు.

ఇంటికొచ్చేసరికి భార్య ఫోను పెట్టేస్తోంది. మీటరు ఇరుక్కున్న రోజు నాటి నాలుగు చక్రాలూ దొరికాయట. కిందటేడు పాత సామానుతో పాటు అమ్మేశాడట, ఆ షాపువాడి దగ్గర, ఇంకా కరిగించకుండా, నాలుగూ ఒకే చోట పడి ఉన్నాయట. వాటి మీద 'వాడొద్దు' అని తమ్ముడి చేతిరాత. అతని తప్పు రవ్వంత కూడా లేదు. ఆ మాట విని మాస్టారు ఊపిరి పీల్చుకోవాలి. కూర్చున్న చోట కుంగిపోయాడు.

ఆ వారమే తన కారు చక్రాలు నాలుగూ విప్పి, బండి మీద వేసుకుని బావమరిది షెడ్డుకి తీసుకెళ్లాడు. తన చేత్తో వేసిన రంగు ఇసుక చిమ్మే యంత్రం దెబ్బకు రాలిపోతుంటే నిలబడి చూశాడు. "ఏ రంగు కావాలండీ?" అన్నాడు బావమరిది, కొత్తగా వచ్చిన మనిషిని అడిగినట్టు. మాస్టారు చెప్పాడు.

రెండు నెలలకి డాక్టరమ్మ చక్రాల రంగు కంకరకు మళ్లీ లేచిపోయింది. మాస్టారు ముట్టుకోనన్నాడు. ఆవిడని వెంటబెట్టుకుని బావమరిది షెడ్డుకి తీసుకెళ్లి, ఓవెన్ మీటరు ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "చదువుకున్నవారు, మీరే చూడండమ్మా. వేడి ఈ గీత దాటిందా?" దాటలేదు. చక్రాలు చల్లారేదాకా ఆవిడ కదల్లేదు. వెళ్లేముందు మాస్టారి వైపు చాలాసేపు చూసింది.

"అయితే ఆ రోజు నిజంగానే అబద్ధం చెప్పారన్నమాట" అంది.

"చెప్పానమ్మా."

ఆవిడ చూపులో మునుపటి గౌరవం లేదు. ఆ లోటు మాస్టారికి ఎందుకో కొంచెం తేలిగ్గా అనిపించింది. క్లినిక్‌లో మళ్లీ నోళ్లు తెరుచుకున్నాయి. ఆవిడ ఈసారి చెప్పిన కథలో మాస్టారే దొంగ. మెల్లమెల్లగా బావమరిది షెడ్డుకి చక్రాలు రావడం మొదలైంది. మాస్టారి షెడ్డుకి కొందరు రావడం మానేశారు.

ఇప్పుడు ఎవరైనా రంగా, పౌడరా అని అడిగితే మాస్టారు అన్నీ విడమరిచి చెబుతాడు, ఎదుటివాళ్లు గడియారం చూసుకునేదాకా చెబుతాడు. బావమరిది ఆదివారాలు అక్కని చూడడానికి వస్తూనే ఉంటాడు. మాస్టారికి ఎదురుగా కూర్చుంటాడు, దగ్గు ఎలా ఉందని అడుగుతాడు, మందు పేరు చెబుతాడు. "వాడుతున్నారా?" అంటాడు.

"వాడుతున్నాను" అంటాడు మాస్టారు. ఆ 'మీరు' మళ్లీ 'నువ్వు' అవుతుందేమోనని వారం వారం ఎదురుచూస్తాడు. మార్చమని అడగడానికి మాత్రం ఆయనకి ముఖం చెల్లదు.