జోడీ లెక్క

జాతీయ కారాగార సేవా సంస్థకు ముఖ్య కార్యనిర్వహణాధికారిని ఎంపిక చేసే ముగ్గురు సభ్యుల సంఘంలో, విశ్రాంత జిల్లా న్యాయమూర్తిగా నాకు స్థానం లభించింది. తుది దశకు మిగిలిన అభ్యర్థి ఉదయ్ భాస్కర్ మా ప్రాంతపు జైళ్లలోనే ఎదిగిన అధికారి. నా నివాసం ఖమ్మం కనుక ఆయన గురించి విచారించే పని నాకు అప్పగించారు.

ఆయన దరఖాస్తులో ఒక వాక్యం నన్ను ఆకట్టుకుంది: "జోడీ పద్ధతిని నేను సమూలంగా రద్దు చేశాను." ఖైదీలను లెక్కించేటప్పుడు ఇద్దరిద్దరిని గొంతుక్కూర్చోబెట్టి, తల వంచించి, ఒకరి భుజంపై మరొకరి చేత చేయి వేయించడాన్ని జైళ్లలో జోడీ అంటారు. దాన్ని నిజంగా మాన్పించిన అధికారికి నా ఓటు ఇవ్వడానికి సంకోచం లేదు.

సాక్షిగా ఆయనే సూచించిన వ్యక్తి బద్యా. కొత్తగూడెం దాటాక, అడవి అంచు తండాలో పత్తి రైతు. నీళ్ల మోటారు దగ్గర జరిగిన కొట్లాటలో ఒక మనిషి చనిపోగా, బద్యాకూ అతని తమ్ముడు లాలుకూ శిక్ష పడింది. అన్న విడుదలయ్యాడు, తమ్ముడు ఇంకా లోపలే ఉన్నాడు.

అభ్యర్థి ఎంచి ఇచ్చిన సాక్షిని నమ్మే అలవాటు నాకు లేదు.

వాన వెలిసిన ఒక మధ్యాహ్నం వెళ్లాను. బద్యా నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసి, తాను మంచం మీద కూర్చున్నాడు. అడగకముందే మొదలుపెట్టాడు.

"ఉదయ్ భాస్కర్ సారు మానవీయ దృక్పథం కలిగిన సంస్కర్త సార్. మమ్ముల పరివర్తన దిశగా నడిపించిండు."

దరఖాస్తులో చదివిన మాటలే.

"ఈ మాటలు మీవేనా?"

"అవ్ సార్, నావే."

లోపలి నుంచి అతని భార్య మంగ్లి నవ్వింది. "నిన్నటి సంది గవే సదువుతున్నడు సార్. బర్లకు గూడ జెప్పిండు."

"నీ నోరు మూతబడదా ఏందే?"

"మరి జోడీ?" అని అడిగాను.

"బంద్ జేసిండు సార్." నా ముఖం వైపు చూడలేదు.

అప్పుడే అతని ఫోను మోగింది. తెర చూసి బద్యా మంచం దిగాడు. ఫోను చెవికి ఆనించుకుని, నేల మీద గొంతుక్కూర్చుని, తల మోకాళ్ల మధ్యకు దించాడు. రెండో చేయి పక్కకు చాచి గాలిలో నిలిపాడు, అక్కడెవరిదో భుజం ఉన్నట్టు.

"అవ్ సార్. జెప్పిన సార్. ఈడ్నే ఉన్నరు సార్."

మంగ్లి నాకు టీ అందించింది. "జైలు సారు ఫోనొస్తె గంతే సార్. మంచంల ముల్లున్నట్టు కిందికి దుంకుతడు. ఆ చెయ్యేంది, ఎవల్ని పట్టుకుంటున్నవయ్యా అంటె చెప్పడు."

బద్యా ఫోను పెట్టేసి, చాచిన తన చేతిని చూసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు.

"గిది రాయకుండ్రి సార్. పంద్రాగస్టుకు ఇడిచెటోళ్లల్ల మా తమ్ముని పేరున్నది. సారు ఇంక సంతకం పెట్టలే. మీరు మంచిగ రాస్తేనే పెడ్తనన్నడు."

నిజం రాస్తే లాలు లోపలే ఉండిపోతాడు. రాయకపోతే దేశంలోని ఖైదీలందరూ ఆయన చేతిలోకి వెళ్తారు.

ఆ సాయంత్రం ఉదయ్ భాస్కర్ నాకే ఫోన్ చేశాడు. అభ్యర్థి అలా చేయడం నియమవిరుద్ధం. ఆ సంగతి నేను ఎత్తలేదు.

"బద్యా బాగానే మాట్లాడాడా సార్?"

"మీ దరఖాస్తులో ఉన్నదంతా చెప్పాడు."

"మరి మీ రిపోర్టు?"

"తమ్ముడు మీ అధీనంలో ఉండగా అన్న మాటకు విలువేమిటని సంఘంలో ఎవరైనా అడగవచ్చు. లాలు ఇల్లు చేరిన తర్వాతే పంపుతాను."

ఆయన నవ్వాడు. "అర్థమైంది సార్. పెద్దవారు, మంచి సలహా ఇచ్చారు."

నేను అసత్యమేమీ పలకలేదు. ఆయనకు ఏమి అర్థమైందో నేను విచారించలేదు.

ఏ తీర్పునూ వాయిదా వేయని నేను సంఘాన్ని గడువు కోరాను. వయసు మీద పడింది కదా అని అధ్యక్షుడు హాస్యమాడాడు. సహించాను. పంద్రాగస్టు వచ్చేదాకా, ఇంట్లో ఫోను మోగిన ప్రతిసారీ ఉదయ్ భాస్కర్ నా ఎత్తు పసిగట్టాడేమోనని అనుమానించాను.

జెండా పండుగ మరునాడు అన్నదమ్ములిద్దరూ మా ఇంటికి వచ్చారు. వరండాలో కుర్చీలు వేయించాను. నన్ను చూడగానే లాలు గొంతుక్కూర్చుని తల దించాడు. చేయి దానంతటదే అన్న వైపు సాగింది. బద్యా ఆ చేయి అందుకున్నాడు గాని పక్కన కూర్చోలేదు, పైకి లాగాడు.

"లేవురా. కుర్చీల గూసో. సారుకు మొత్తం జెప్పు."

"మల్ల ఫోన్ జేస్తడేమోనే?"

"చెయ్యనీ. ఇప్పుడు లోపల మనోళ్లెవలున్నర్రా?"

లాలు కుర్చీ అంచున కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు. "మీరు ఆ సారు మనిషేనా?"

జవాబుగా నా నివేదికలో మొదటి వాక్యం రాసి అతనికి చదివి వినిపించాను: "ఉదయ్ భాస్కర్ ఈ పదవికి తగరు."

రెండో వాక్యం కోసం కలం పట్టుకుని కూర్చున్నాను. లాలు ముందుగా వీధి గేటు వేయమన్నాడు.