ఎంపాకో అడిగిన చోటు

ఒకే ఆడదాన్ని, నన్ను పెళ్ళి చేసుకోమని నూట పన్నెండుసార్లు అడిగాను. నూట పన్నెండుసార్లూ ఒప్పుకుంది. ఫోర్ట్ పోర్టల్ నుంచి క్యెంజోజో దాకా ఇలాంటి మగాడు ఇంకొకడుంటే వచ్చి నా ఎదుట కూర్చోమనండి. వాడికి టీ నేనే కాచి ఇస్తాను.

మొదటిసారి అడిగింది టీ తోటలో. ఇద్దరం ఆకు కోసేవాళ్ళం. నిన్న కొండమీంచి ఏనుగు దిగివస్తే మేక అనుకుని తాడు కట్టి ఇంటికి తోలుకొచ్చాననీ, పొద్దున పాలు పితకబోతే గానీ తెలియలేదనీ చెప్పాను. ఆమె విరగబడి నవ్వి బుట్టెడు ఆకూ పారబోసుకుంది. అది యాభై మూడేళ్ళ కిందటి మాట. మిగతా నూట పదకొండుసార్లూ పోయిన ఏడాదివి.

పోయిన ఏడాది ఒక పొద్దున రాగిజావ తెచ్చి ఆమె ముందు పెట్టాను. తలెత్తి, ఎంతో మర్యాదగా అడిగింది.

"మీ ఎంపాకో ఏమిటండీ?"

మా టోరో జాతివాళ్ళకి రెండు పేర్లు. ఒకటి బడికీ కాగితాలకీ. రెండోది ఎంపాకో, పలకరింపుకి. మొత్తం పన్నెండే. ఒకటి రాజుగారికి పోగా మిగిలిన పదకొండూ మేమంతా పంచుకుంటాం. ఎదుటి మనిషిది తెలియకపోతే ముందు అది అడిగి, ఆ తర్వాతే క్షేమం అడుగుతాం. తెలిసినవాళ్ళని అడగం. ఆమెది అబ్వోలి, నాది అరాలి. యాభై మూడేళ్ళుగా రోజుకి వందసార్లు ఆమె నోట విన్న పిలుపు అది.

"అరాలి," అన్నాను.

"ఊళ్ళో సగంమంది అరాలీలే. మా ఆయన కూడా అంతే. కూర్చోండి, వచ్చేస్తాడు."

కూర్చున్నాను. ఆయన కోసం ఇద్దరం ఎదురుచూశాం.

ఆ మర్నాటి నుంచి నేనూ ఆట మొదలుపెట్టాను. ఒకరోజు నా ఎంపాకో బాలా అనేవాణ్ణి, ఒకరోజు అత్వోకి అనేవాణ్ణి. ఏనుగు కథ చెప్పి, నవ్వించి, "నన్ను చేసుకుంటావా?" అని అడిగేవాణ్ణి. ఇక్కడ నా గొప్ప కొంచెం దించుకోవాలి. ఆమె ఒప్పుకున్నది టీ తోటలో ఒక్కసారే. మిగతా నూట పదకొండుసార్లూ ఛీ కొట్టింది.

"సిగ్గులేదూ, ముసలాడా? నాకు మొగుడున్నాడు. నీకన్నా పెద్ద అబద్ధాలకోరు. కానీ వాడి జుట్టు చూడు, నల్లగా నిగనిగలాడుతుంది. నీ మొహం అద్దంలో చూసుకున్నావా?"

నన్ను కాదన్నది నా కోసమే. నవ్వడం ఆమె ముందు, ఏడవడం వంటింటి వెనక, అలా పంచుకున్నాను.

ఎన్నాళ్ళయినా అలాగే నెట్టుకొచ్చేవాణ్ణి. స్నానం దగ్గర ఆగిపోయింది. పరాయి మగాడు ఒంటిమీద బట్ట తీయబోతే ఏ ఆడది ఊరుకుంటుంది? ఒకరోజు నీళ్ళు కాచి అరటిచెట్ల చాటున పెట్టి చెయ్యి పట్టుకున్నాను. ఊరంతా వినేలా కేకలు వేసింది. ఇరుగుపొరుగు కర్రలతో పరుగెత్తుకొచ్చారు. నన్ను చూసి నవ్వారు. ఆమె గోడకి అతుక్కుని వణుకుతూ ఉండటం చూసి నవ్వు ఆపేశారు.

"మా ఆయన రానీ, నీ పని చెప్తాను," అంటోంది ఆమె. తడిసిన చేత్తో నా వైపే చూపిస్తోంది.

ఆ ఆదివారం మా అమ్మాయి కొముహెండో వచ్చింది. బళ్ళో పంతులమ్మ. మధ్యలో ఎనిమిది నెలలు తల్లిని తన దగ్గర పెట్టుకుని చూసింది, ఆ తల్లే తనని కూడా బట్టలు ఎత్తుకుపోయే దొంగ అంటుంటే ఏడ్చి, తిరిగి నా దగ్గరికి తెచ్చి దింపింది.

"నాన్నా, ముసలివాళ్ళ కోసం సిస్టర్లు నడిపే ఇళ్ళున్నాయి. అక్కడ ఆడవాళ్ళే చూసుకుంటారు."

"మనవాళ్ళలో పెళ్ళాన్ని ఎవడైనా బయట వదిలాడా?"

"పదిరోజులుగా అమ్మ ఒంటిమీద నీళ్ళు పడలేదు. ఇలాంటి మాటలు చెప్పేవాళ్ళని ఒక్కరోజు వచ్చి పోయమను."

పిల్ల మాట విని ముగ్గురం బయల్దేరాం. నా జన్మలో అరుదైన సంగతే.

మొదట చూసిన ఇల్లు అద్దంలా ఉంది. నున్నటి నేల, తెల్లటి దుప్పట్లు. మా అమ్మాయికి బాగా నచ్చింది. బల్ల దగ్గర కూర్చున్న పిల్ల కాగితం మీదున్న నా భార్య పేరు చూసి గట్టిగా పిలిచింది.

"కబహెండా!"

మా దగ్గర పెద్దవాళ్ళని ఉత్త పేరుతో పిలిస్తే అది తిట్టడానికే. ఆ పిల్ల ఎక్కడి నుంచో వచ్చింది, పాపం, తెలియదు. నా అబ్వోలి లేచి చేతులు కట్టుకుని నిలబడింది.

"నేనేం తప్పు చేశానమ్మా?"

"పద, పోదాం," అన్నాను.

"నాన్నా, నేర్పిస్తే పిలుస్తారు," అంది అమ్మాయి.

"వాళ్ళు నేర్చుకునేలోపు మీ అమ్మ ఎన్ని తప్పులు ఒప్పుకుంటుందో!"

రెండోది క్యెంజోజో దాటాక, రేకుల ఇల్లు. గోడలకి సున్నం వేసి ఎన్నేళ్ళయిందో. వాకిట్లో ఒక ముసలావిడ అరటికాయల తొక్క తీస్తోంది. మమ్మల్ని చూసి కత్తి కింద పెట్టింది, చేతులు తుడుచుకుంది, నావైపు కన్నెత్తి చూడకుండా నేరుగా అబ్వోలి రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నీ ఎంపాకో?"

"అబ్వోలి. మరి నీది?"

"అకీకి. ఎలా ఉన్నావు, అబ్వోలీ?"

"బాగున్నా, అకీకీ. ఇంట్లో అంతా బాగేనా?"

"బాగే. పొద్దున్నించీ నడుం పట్టేసింది."

"కింద కూర్చుంటే పట్టదా మరి? పీట వేసుకోకూడదూ?"

ఏడాదిలో ఆమె అంత చనువుగా ఎవరితోనూ మాట్లాడలేదు. పక్కన కూర్చుని అక్కడున్న చిక్కుళ్ళు వలవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఇద్దరాడవాళ్ళు ఆమెని ఇంటి వెనక్కి తీసుకెళ్ళారు. నీళ్ళ చప్పుడు వినిపించింది. కేక వినిపించలేదు. ఆ నీళ్ళ చప్పుడు విన్నాకే కాగితం మీద వేలిముద్ర వేశాను. సంతకం వచ్చు నాకు. ఆవేళ చెయ్యి తిరగలేదు.

వెళ్ళేముందు ఎదురుగా నిలబడ్డాను. సబ్బు వాసన వేస్తోంది.

"మీ ఎంపాకో ఏమిటండీ?" అంది.

అరాలి అందామనుకున్నాను. అంటే మొగుడు గుర్తొస్తాడు, వెతుక్కుంటూ గేటు దాటుతుంది. "బాలా," అన్నాను.

"బాలా, దారిలో మా అరాలి కనిపిస్తే చెప్పండి, నేనిక్కడ ఉన్నానని. తొందరేం లేదు, పని చూసుకుని రమ్మనండి."

"చెబుతాను," అన్నాను.

ప్రతి ఆదివారం వెళ్తున్నాను. ఆమె ఎంపాకో అడుగుతుంది, నేను ఏదో ఒకటి చెబుతాను. ఏనుగుకి ఈమధ్య పిల్ల కూడా పుట్టింది. పెళ్ళి మాట మాత్రం ఇక ఎత్తను.

ఇందులో ఒక్క ముక్క నేను కల్పించాను. ఏనుగు సంగతి కాదు, అది అబద్ధమని మీకెప్పుడో తెలుసు. మొగుడికి చెప్పమందే, ఆ మాట. ఆవేళ ఆమె నా ఎంపాకో కూడా అడగలేదు. అకీకి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది, వెనక్కి తిరగలేదు. తిరుగు బస్సులో ఆ కబురు నేనే అల్లుకుని, ఇంటికొచ్చి, అద్దంలో అరాలికి చెప్పాను.