ఒక్క ముఖం కావాలన్నారు

ఆ ఆస్పత్రి నేలమాళిగలో దుప్పట్లు ఉతికే ఆడవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. మేనేజర్ గదికి ఏ పని మీద వెళ్ళినా ఒక్కరు వెళ్ళరు, ఒక్కరే మాట్లాడరు. ఒకరు మొదలుపెట్టిన మాటని పక్కావిడ అందుకోవాలి, ఆవిడ నోట్లోంచి ఇంకొకావిడ లాక్కోవాలి. "సార్, మాకు దళసరి..." అని ఒకావిడ అంటే, "గ్లౌజులు కావాలి" అని వెనకనుంచి ఇంకొకావిడ, "దుప్పట్లలో సూదులొస్తున్నాయి" అని తలుపు దగ్గర్నుంచి మరొకావిడ. అందరివీ ఒకే రకం టోపీలు, ఒకే రకం మాస్కులు. మేనేజర్ తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ మెడ పట్టేసేది గానీ, ఇందులో ముందుండి నడిపేది ఎవరో మాత్రం ఆయనకి అంతుచిక్కేది కాదు.

సరదాకి పెట్టుకున్న పద్ధతి కాదది. అంతకుముందు పొడుగక్క అని ఒకావిడ ఉండేది. ఒక్కతే వెళ్ళి గట్టిగా అడిగింది. మర్నాడు ఆవిడకి పని లేదన్నారు. అంతే, కారణం లేదు, కాగితం లేదు. దుప్పట్లు మడతపెట్టే పెద్దత్త ఆరోజే అందరినీ కూర్చోబెట్టి తేల్చేసింది. "ఇక నుంచి మనకి నోరుంటుంది, మొహం ఉండదు. తెలిసిందా?" అంది. అందరికీ తెలిసింది.

అక్కడ పెద్ద రోలర్ మీద ఇస్త్రీ చేసే ఆవిడని వయసుతో పని లేకుండా అందరూ ఇస్త్రీ పిన్ని అనే పిలిచేవారు. ఆవిడ చెల్లెలు అదే నేలమాళిగలో మురికి దుప్పట్లు వేరుచేసే పని చేసేది. పైన వార్డుల్లో ఎవరో వాడిన సూదిని దుప్పట్లోనే వదిలేశారు. అది చెల్లెలి అరచేతిలో దిగింది. కామెర్లొచ్చి మంచాన పడింది. బతికిందనుకోండి, కానీ మనిషి సగమైపోయింది. దళసరి గ్లౌజులుంటే అసలు జరిగేదే కాదు. అన్ని అంతస్తుల ఆస్పత్రికి గ్లౌజులు భారమా అండీ? అడిగితే డైరెక్టర్ గారు దొరకరు, మేనేజర్ కాంట్రాక్టర్ని అడగమంటాడు, కాంట్రాక్టర్ మేనేజర్ని అడగమంటాడు. పిన్నికి ఆ గ్లౌజులు తప్ప ఇంకో ధ్యాస ఉండేది కాదు.

అలాంటప్పుడు, ఇలాంటి కూలివాళ్ళ పోరాటాలకి డబ్బు సాయం చేసే ఫౌండేషన్ వాళ్ళు వచ్చారు. ఉన్నమాట చెప్పాలి కదా, వాళ్ళ డబ్బు మంచి పనే చేసింది. కూర్చుని మాట్లాడుకోవడానికి ఫ్యానున్న గది ఒకటి అద్దెకి దొరికింది. వకీలు దొరికాడు. అందరి సంతకాలూ కలిపి ఆస్పత్రి మీద గ్లౌజుల కేసు వేశారు. కోర్టుకి వెళ్ళినరోజు పోయిన కూలి చేతికొచ్చింది. ఫౌండేషన్ నుంచి వచ్చే మేడమ్ కూడా చెడ్డ మనిషేం కాదు. నేలమీదే కూర్చునేది, ఇచ్చిన టీ తాగేది, అందర్నీ అక్కా, అత్తా అని నోరారా పిలిచేది.

రెండో ఏడు డబ్బు ఇచ్చే సమయానికి ఆ మేడమ్ కాస్త నీళ్ళు నమిలింది. "అక్కా, డబ్బులిచ్చేవాళ్ళకి ఒక మనిషి కనపడాలి. గుంపుని చూపిస్తే వాళ్ళ మనసుకి ఎక్కదు. మీలో ఒక నాయకురాలు, ఒక్క ముఖం కావాలి. సభలో ఆవిడకి అవార్డిస్తాం."

"మొహం ఎందుకమ్మా? చేతులు చూపించు. సూదిగాట్లు కావలసినన్ని ఉన్నాయి" అంది పెద్దత్త.

మేడమ్ నవ్వేసింది. "చేతులకి అవార్డు ఎలా ఇస్తాం అత్తా!"

ముఖం చూపిస్తే ఏమవుతుందో ఆడవాళ్ళు విడమరిచి చెప్పారు. పొడుగక్క సంగతీ చెప్పారు. "అయ్యో, ఇక్కడివాళ్ళెవరూ చూడరక్కా. ఎక్కడో దూరాన ఉండి డబ్బులిచ్చేవాళ్ళ కోసం ఇది. నాది పూచీ" అంది మేడమ్. ముఖం లేకపోతే రెండో ఏడు డబ్బు రావడం కష్టమని కూడా మెల్లిగా చెవిన వేసింది. డబ్బు లేకపోతే వకీలు లేడు. వకీలు లేకపోతే గ్లౌజులు లేవు. చివరికి అందరూ పిన్ని వైపు చూశారు. తడబడకుండా మాట్లాడుతుంది, నవ్వితే బాగుంటుంది.

పిన్ని ముందు ససేమిరా అంది. తర్వాత ఒప్పుకుంది. టోపీ, మాస్కు తీసి ఫొటోకి నిలబడితే లోపలెక్కడో కాస్త బాగానే అనిపించింది. అనిపించదా మరి? ఇన్నేళ్ళ చాకిరీలో ఆ ముఖాన్ని తిన్నగా చూసినవాళ్ళెవరు?

సభ పెద్ద హోటల్లో పెట్టారు. పిన్ని లోపలికి అడుగుపెట్టేసరికి గోడంత ఎత్తున తన ముఖమే ఎదురొచ్చింది. దాని కింద ఆస్పత్రి పేరు, తన ఊరు పేరు, 'నాయకురాలు' అన్న మాట. వేదిక మీద ఫౌండేషన్ పెద్దాయన కూర్చున్నాడు. ఆయన పక్క కుర్చీలో, కాలు మీద కాలేసుకుని, సాక్షాత్తూ ఆస్పత్రి డైరెక్టర్! వెనక్కి తిరుగుదామంటే అప్పటికే మైకులో పిలిచేశారు. అవార్డు అందుకుంటుంటే డైరెక్టర్ లేచి మరీ చప్పట్లు కొట్టాడు. "మా ఆస్పత్రేనా! గర్వంగా ఉందమ్మా" అని చెయ్యి కలిపాడు. మెత్తటి చెయ్యి.

మర్నాడు పొద్దున గేటు దగ్గర పిన్ని కార్డు పనిచెయ్యలేదు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎర్ర దీపమే. గార్డు ముఖం పక్కకి తిప్పుకుని, "పైనుంచి చెప్పారమ్మా. నన్నేం అడక్కు" అన్నాడు. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే పని తగ్గిందన్నాడు. పని తగ్గిందట! లోపల ఆస్పత్రి నిండా రోగులు, బయట బండ్ల నిండా దుప్పట్లు. అబద్ధం చెప్పినా కాస్త అతికేలా చెప్పాలన్న ఇంగితం కూడా లేదు ఆ మనిషికి. ఇంటి అద్దె పిన్ని జీతంతోనే కట్టాలి, చెల్లెలి మందులు కూడా ఆ జీతంతోనే కొనాలి.

సాయంత్రం అద్దె గదికి అందరూ వచ్చారు. మేడమ్ కూడా వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నా తప్పేనక్కా. కానీ మా పెద్దాయనతో మాట్లాడాను. మా ఆఫీసులో నీకు ఉద్యోగం ఇస్తామన్నారు. జీతం ఇప్పటికంటే చాలా ఎక్కువ. నాలుగు ఊళ్ళూ తిరిగి నీ కథ చెప్పాలి, అంతే."

"ఏం కథ చెప్పాలి? మీరు ఫొటో తీశారు, నా ఉద్యోగం ఊడింది, అదా?"

పెద్దత్త పిన్ని భుజం మీద చెయ్యేసింది. "వెళ్ళవే తల్లీ. ఇంట్లో చెల్లెలుంది. మేమేమీ అనుకోం" అంది. నిజంగానే అంది. అందుకే పిన్నికి మరింత కోపమొచ్చింది.

"ఉండండత్తా. మేడమ్, మా డైరెక్టర్ని సభకి పిలిచిందెవరు?"

"ఎవరూ ప్రత్యేకంగా పిలవరక్కా. మా పెద్దాయనకి పాత స్నేహితులు. ఏటా వస్తారు."

"అంటే ఆయన ఫోన్ నంబరు మీ పెద్దాయన దగ్గరుంది."

"ఉంటుంది కదా..."

"ఉంటుంది కదానా!" పిన్ని గొంతు గదంతా మోగింది. "ఆయనతో ఒక్క మాట మాట్లాడనివ్వండని మేం ఏళ్ళ తరబడి దేబిరించాం. కోర్టుకెళ్ళాం. దానికి వకీలు కోసం మీ దగ్గర డబ్బు తీసుకున్నాం. ఆ డబ్బు ఇచ్చిన మనిషి జేబులోనే ఆయన నంబరుందా? ఒక్క ఫోన్ చెయ్యడానికి మీకు చేతులు రాలేదా?"

"అలా కుదరదక్కా. స్నేహాలు వేరు, మా పని వేరు. రెండూ కలపకూడదు."

"మరి నా ముఖం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టినప్పుడు రెండూ కలవలేదా?"

పాపం, మేడమ్ కూడా జీతానికి పనిచేసే మనిషే. కానీ పిన్నికి ఆరోజు ఎవరి మీదా జాలి లేదు.

పని లేని మధ్యాహ్నం చూసుకుని ఆడవాళ్ళంతా ఫౌండేషన్ ఆఫీసుకి వెళ్ళారు. అందరూ టోపీలు, మాస్కులు పెట్టుకున్నారు. పిన్ని పెట్టుకోలేదు. దాచడానికి ఇంకేం మిగిలిందని? అద్దంలా మెరిసే ఆ హాల్లో సోఫాలు వదిలేసి నేల మీద కూర్చున్నారు. రిసెప్షన్ అమ్మాయి కంగారుపడి లోపలికి పరుగెత్తింది. కాసేపటికి పెద్దాయన వచ్చాడు. తెల్ల చొక్కా, చల్లని చిరునవ్వు.

"రండి రండి, ఇది మీ ఆఫీసే. ఈ ఏడు మీ నిధులు రెట్టింపు చేద్దామనుకుంటున్నాం" అన్నాడు.

"మీ డబ్బు తర్వాత సంగతి సార్. మాకిప్పుడు మీ ఫోన్ కావాలి. మీ స్నేహితుడితో మాట్లాడండి. ఇక్కడే, మా ముందే" అంది పిన్ని.

పెద్దాయన నవ్వు కాస్త సడలింది. ఉద్యమాన్ని నడపాల్సింది ప్రజలే అన్నాడు, తాము వెనకనుంచి అండగా మాత్రమే ఉంటామన్నాడు. ఇలాంటి మాటలు ఆయన దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి. ఆడవాళ్ళు వింటూ కూర్చున్నారు. ఒక్కరు కూడా లేవలేదు. గాజు తలుపు అవతల ఎవరో విదేశీ అతిథులు కారు దిగుతున్నారు. పెద్దాయన అటు చూశాడు, ఇటు చూశాడు, జేబులోంచి ఫోన్ తీశాడు.

కిటికీ దగ్గరికి వెళ్ళి మాట్లాడాడు. ముందు ఆరోగ్యాల గురించి అడిగాడు. ఏదో జోకేసుకుని నవ్వుకున్నాడు కూడా. తర్వాత గొంతు తగ్గించాడు. రెండు నిమిషాలు పట్టిందో లేదో! ఏడాదిగా కోర్టులో తెమలని పని రెండు నిమిషాల్లో అయిపోతోందని చూస్తుంటే పిన్నికి ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది, రెండూ ఒక్కసారే.

పెద్దాయన వెలిగిపోతున్న ముఖంతో వెనక్కి వచ్చాడు. "అయిపోయిందమ్మా! రేపటి నుంచి నువ్వు పనిలోకి వెళ్ళొచ్చు. నా మాట కాదనలేకపోయాడు."

"గ్లౌజులు?"

"అది... ఇప్పుడే అన్నీ అడిగితే బాగుండదమ్మా. ముందు నీ ఉద్యోగం నీకొచ్చింది కదా. నీ కోసమే కదా నేను అడిగింది."

పిన్నికి చెల్లెలి అరచెయ్యి గుర్తొచ్చింది. చుట్టూ చూసింది. మాస్కుల పైనుంచి ఇన్ని జతల కళ్ళు. పెద్దత్త కళ్ళల్లో మాత్రం నీళ్ళు తిరుగుతున్నాయి. రేపు పొద్దున తన కార్డుకి పచ్చ దీపం వెలుగుతుంది. తను లోపలికి వెళ్తుంది, వెళ్ళి ఇస్త్రీ రోలర్ దగ్గర నిలబడుతుంది. పక్కనే వీళ్ళంతా ఉత్త చేతులతో మురికి దుప్పట్లు దులుపుతుంటారు.

పెద్దాయన ఫోన్ జేబులో పెట్టుకోబోతున్నాడు.

"పెట్టకండి సార్," అంది పిన్ని, నేల మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంటూ. "మళ్ళీ చెయ్యండి."