పదకొండు వేషాల స్టెప్నీ

ఆ నాటకంలో ఆమెకు పదకొండు వేషాలు వచ్చు. తన వేషమని చెప్పుకోవడానికి మాత్రం ఒక్కటీ లేదు.

పాటల నాటకాల కంపెనీల్లో ఇలాంటివాళ్ళు ఒకరిద్దరు ఉంటారు. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి కాలు బెణికినా, ఎవరి పెళ్ళి కుదిరినా, ఆ వేషం వేసుకుని ఆ పాట పాడి రావాలి. ఆ ఉద్యోగానికి కాగితాల మీద పెద్ద పేరే ఉంది గానీ అందరూ ఆమెను స్టెప్నీ అనేవాళ్ళు. కారు సాఫీగా పోతున్నంతసేపూ డిక్కీలో పడున్న చక్రం ఎవరికీ గుర్తు రాదు. ప్రేమగానే పిలుస్తున్నారు కదా అని ఆమె కూడా ఆ పేరుకు పలకడం అలవాటు చేసుకుంది.

తొమ్మిదేళ్ళుగా అదే నాటకం, అదే థియేటరు. లైట్‌హౌసు కాపలాదారు కూతురి కథ. ఆ కూతురు, పడవవాళ్ళ భార్యలు, వలలు కుట్టే ఆవిడ, మొదటి అంకంలోనే చచ్చిపోయే అవ్వ, అందరూ ఆమె నోటుబుక్కులో రంగు పెన్సిళ్ళతో రాసి ఉంటారు. ఎవరు ఏ మాటకు ఎటు తిరగాలో, ఎన్ని అడుగులు వెయ్యాలో అందులో చూసుకోవలసిందే.

ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు. దాచినవాడు ఆమె మొగుడు. వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు, మెషీన్ల దగ్గర అబద్ధం ఆడడు. పెళ్ళయిన కొత్తలో వాళ్ళమ్మ, "కోడలు నాటకంలో ఏం వేస్తుందిరా?" అని అడిగితే మాత్రం, "మెయిన్ అమ్మా," అనేశాడు. పోస్టరు మీద లైట్‌హౌసు బొమ్మే తప్ప మనిషి మొహం లేకపోవడం అతని అదృష్టం.

అత్తగారు ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన హెడ్మిస్ట్రెస్. నాటకాలు పనిలేనివాళ్ళ పని అని ఆవిడ అభిప్రాయం, అందుకే ఏనాడూ థియేటరు గడప తొక్కలేదు. కానీ కోడలు మెయిన్ అన్న సంగతి, పొద్దున్నే పార్కులో తనతో నడిచే నలుగురు స్నేహితురాళ్ళకూ చెప్పకుండా ఉండలేకపోయింది. మెచ్చుకునే శ్రమ లేకుండా గొప్ప చెప్పుకునే వీలుంటే ఎవరు వదులుకుంటారు? ఆ నలుగురూ ఊరుకోక, ఒక శనివారం మధ్యాహ్నం ఆటకు బాల్కనీ ముందు వరసలో ఐదు టికెట్లు కొనేశారు.

"ఇకనైనా చెప్పెయ్," అంది స్టెప్నీ మొగుడితో.

"ఇప్పుడా? వాళ్ళ ముందు ఆవిడ తలెత్తుకు తిరగ్గలదా? ఇల్లు పీకి పందిరేస్తుంది."

"ఆ సంగతి అప్పుడు తెలీలేదా?"

"అయినా నేనన్నది అబద్ధమేం కాదు. నువ్వు లేకపోతే ఆట ఆగిపోతుందిగా. మెయిన్ అంటే అదే."

ఆ తర్కానికి ఆమెకు నవ్వు రాలేదు. ఆమెను తొలుస్తున్నది అత్తగారి పరువొక్కటే కాదు. తొమ్మిదేళ్ళలో కూతురి వేషం దక్కింది నాలుగే సార్లు. నాలుగుసార్లూ ఇంట్లోవాళ్ళు ఒక్కరూ చూడలేదు. తనవాళ్ళు చూస్తుండగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ పాట పాడాలని ఆమెకు ఎంత కోరికో! చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

కూతురి వేషం వేసే అమ్మాయిని కంపెనీలో మహారాణి అంటారు. మనసు మంచిదే. సంగతంతా విని, ఫోనులో తేదీలు చూసుకుని, "శనివారం మధ్యాహ్నం నాకు గొంతు నొప్పి వస్తుందిలే అక్కా," అంది.

"నా కోసం ఎందుకమ్మా అంత..."

"నీ కోసమే కాదులే. జుట్టుకి రంగు వేయించుకోవాలి. నెల నుంచి తీరికే దొరకట్లేదు."

అనుకున్నట్టే శనివారం పదకొండింటికి మహారాణి గొంతు పట్టేసిందని ఫోన్ వచ్చింది. స్టేజీ మేనేజరు నిట్టూర్చి, ఇవాళ కూతురు ఎవరో రాసిన చీటీ గోడకు అంటించాడు. నీలం గౌను నడుం దగ్గర నాలుగు పిన్నులు గుచ్చుకుని, స్టెప్నీ అద్దం ముందు కూర్చుని కనుబొమలు దిద్దుకుంటూ ఉండగా తలుపు చప్పుడైంది. మేనేజరు మొహం చూడగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

"అవ్వ మెట్ల మీద జారిందమ్మా. కాలు ఇంత వాచింది," అన్నాడు. అవ్వ అంటే అవ్వ వేషం వేసే ఆవిడ.

"ఇంకెవరికైనా ఆ వేషం వచ్చేమో చూడండి."

"నీకొక్కదానికే వచ్చు."

"మరి కూతురు?"

"కూతురు మహారాణికి కూడా వచ్చుగా. నొప్పో గిప్పో, కాళ్ళావేళ్ళా పడి రప్పిస్తాను."

అన్నీ నేర్చుకున్నవాళ్ళకు పడే శిక్ష అదే. ఒక్కటే వచ్చినవాళ్ళకు ఆ ఒక్కటీ మిగులుతుంది, అన్నీ వచ్చినవాళ్ళకు ఇంకెవరికీ రానిది మిగులుతుంది. గౌను విప్పి హ్యాంగరుకు తగిలిస్తుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే మొహం మీద రంగు పాడవుతుంది. ఎలాగూ చెరిపేసి ముడతలు గీసుకోవాలి కదా అని కాసేపు ఏడ్చింది.

ఆట ఇంకో ఏడు నిమిషాల్లో మొదలవుతుందనగా, తడి జుట్టు మీద విగ్గు నొక్కుకుంటూ మహారాణి పరుగున వచ్చింది. "ఏమనుకోకక్కా, ఆయన బతిమాలుతుంటే కాదనలేకపోయాను," అంది రొప్పుతూ. గొంతు సవరించుకునే టైము కూడా లేదు. తథాస్తు దేవతలుంటారని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

మొదటి అంకం చివర అవ్వ చచ్చిపోతుంది. మంచం మీద మెడదాకా తెల్లదుప్పటి కప్పి ఉంటే, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కూతురు పాడుతుంది. జనం టికెట్టు కొనేదే ఆ పాట కోసం. స్టెప్నీ కళ్ళు మూసుకుని బుద్ధిగా చచ్చిపోయి ఉంది. మొదటి చరణం బాగానే గడిచింది. రెండో చరణం పైకెక్కవలసిన చోట మహారాణి గొంతు కీచుమని ఆగిపోయింది. వాయిద్యాలు ఆగలేదు.

ఆ తర్వాతది స్టెప్నీ ఆలోచించి చేసింది కాదు. ఎక్కడ ఖాళీ వస్తే అక్కడ దూరడమే ఆమె ఉద్యోగం. నోరు తెరుచుకుంది, పాట వచ్చేసింది. పాడుతున్నది శవమన్న సంగతి రెండో పాదంలో గానీ ఆమెకు తట్టలేదు. అప్పుడు ఆపితే ఇంకా అసహ్యంగా ఉంటుంది. కళ్ళు తెరవకుండా చరణమంతా పాడేసింది. మహారాణి తెలివైనది, శవం చెయ్యి పట్టుకుని, చెంప ఆనించి వింటూ కూర్చుంది.

అవ్వ ఆత్మ పాడుతోందనుకున్నారు జనం. తెర పడ్డాక కూడా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. మేనేజరు కాసేపు తల పట్టుకుని కూర్చుని, రోజూ రాసే రిపోర్టులో, "అవ్వ మరణించిన తర్వాత పాడింది. బాగుంది," అని రాశాడు.

ఆట అయ్యాక ఐదుగురూ వెనక గదికి వచ్చారు. స్టెప్నీ అప్పటికే విగ్గు తీసి, మొహం కడుక్కుని, ఇంటి బట్టల్లో ఉంది. "ఆ నీలం గౌనులో నిన్ను గుర్తే పట్టలేకపోయామమ్మా," అన్నారు స్నేహితురాళ్ళు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చిన మొగుడు తలుపు పక్కన నిలబడి, మంటలార్పే సిలిండరు వాడే పద్ధతిని శ్రద్ధగా చదువుతున్నాడు.

"పర్వాలేదు," అంది అత్తగారు. "కానీ మధ్యలో నీకు గొంతు అందలేదు. ఆ చచ్చిపోయిన ముసలావిడ అందుకోబట్టి సరిపోయింది. ముప్పయ్యేళ్ళు పిల్లలచేత ప్రార్థన పాడించినదాన్ని, నాకామాత్రం తెలుసు. ఆవిడెవరో గానీ, ఆవిడ ముందు మీరెవ్వరూ నిలబడరు. నా మాటగా చెప్పు."

తొమ్మిదేళ్ళలో ఆమెను ఎవరూ అలా మెచ్చుకోలేదు. "అలాగే చెప్తాను అత్తయ్యా," అనేస్తే ఆ నలుగురి ముందు అత్తగారి పరువు నిలబడుతుంది, మొగుడి ప్రాణం కుదుటపడుతుంది. ఆ మెప్పు మాత్రం ఊరూ పేరూ లేని ముసలిదానికి పోతుంది. ఇన్నాళ్ళూ ఎవరి వేషానికి వచ్చిన చప్పట్లు వాళ్ళకే వదిలేసిన మనిషి, దీన్ని వదల్లేకపోయింది.

"ఆ ముసలావిడ నేనే అత్తయ్యా," అంది. "నీలం గౌను నేను కాదు. నేను మెయిన్ కాదు, ఎప్పుడూ కాదు. ఎవరు రాకపోతే వాళ్ళ బదులు వెళ్తాను. అదే నా పని."

మొగుడు సిలిండరు మీద అక్షరాలు మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. చివరికి నలుగురిలో ఒకావిడ, "అదేంటి, అంటే మీ కోడలు శవమా?" అంది.

అత్తగారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని, కోడలి చెవి పక్కన ఇంకా చెరగని ముడతను చూసింది. తర్వాత కొడుకును చూసింది, కూడిక తప్పినవాణ్ణి చూసినట్టు. అప్పుడు స్నేహితురాళ్ళ వైపు తిరిగింది.

"అవును, శవమే," అంది. "మా కోడలంతే. చచ్చినా నోరు మూసుకోదు."