నమ్మదగిన ముడతలు

మార్చి పదకొండు, బుధవారం, ఉదయం పది గంటలు. యానిమేషన్ స్టూడియో సమావేశపు గదిలో హాజరైనవారు: దర్శకుడు, మేనేజరు, టెక్స్చర్ ఆర్టిస్టు, అతని పెద్దమ్మ.

నున్నటి బొమ్మకు చర్మం తొడిగి, దానిమీద ముడతలూ మచ్చలూ స్వేదరంధ్రాలూ పుట్టించడం ఆర్టిస్టు వృత్తి. సినిమాలోని అమ్మమ్మ పాత్రకు పెద్దమ్మ ముఖాన్నే నమూనాగా తీసుకుని, నాలుగు నెలలు గీతగీతనూ కొలిచి దించాడు. ఆ ముఖం ఈ రోజు గట్టెక్కితే అతని ఉద్యోగం ఖాయం. లేకుంటే శుక్రవారంతో సరి. ముఖాన్ని వాడుకునేందుకు అనుమతిపత్రం మీద సంతకం కావాలి గనుక, నలభై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన ఆ పెద్దమ్మ కూడా వచ్చి కూర్చుంది.

తెరపై ముఖం వెలిగింది. దర్శకుడు కళ్లజోడు సవరించుకున్నాడు. వాస్తవికతను గురించి ఆయన ఎన్నో ఉపన్యాసాలు ఇచ్చాడు. వృద్ధులను పరిశీలించే తీరిక మాత్రం ఇంకా చిక్కలేదు.

“ఎడమకన్ను కింద మూడు గీతలూ పక్కపక్కనే వరస కట్టాయేంటి? ప్రకృతి ఇలా గీయదే!”

“ఉన్నవి ఉన్నట్టే వేశాను సార్,” అన్నాడు ఆర్టిస్టు.

“ఉన్నది ఉన్నట్టు దించడానికి నువ్వెందుకయ్యా? ఫొటో చాలదూ?” అన్నాడు మేనేజరు.

దర్శకుడు లేచి, బల్లమీది దీపాన్ని పెద్దమ్మ ముఖానికి దగ్గరగా పట్టి, తెరనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

“అదీ సంగతి! తప్పు ఇక్కడుంది. ఈవిడ మొహమే సహజంగా లేదు.”

“సూదిలో దారం ఎక్కించడానికి నలభై ఏళ్లు ఆ కన్నే చికిలించాను నాయనా,” అంది పెద్దమ్మ. “ప్రకృతికి తీరిక లేకపోతే నేనే గీసుకున్నాను. ఆ లైటు కాస్త అవతలికి తియ్యి, కొత్తవి పడేట్టున్నాయి.”

“పెద్దమ్మా, నువ్వూరుకో,” అని ఆర్టిస్టు గొణిగాడు.

“ముడతలన్నీ చెదరగొట్టు,” అని ఆజ్ఞాపించాడు దర్శకుడు.

ఆర్టిస్టు ఒక్క మీట నొక్కాడు. యంత్రం తోచినచోటల్లా గీతలు చల్లింది. నాలుగు నెలల పని నాలుగు క్షణాల్లో ఏ ఇంటికీ చెందని ముసలమ్మగా మారింది.

“ప్రాణం ఉట్టిపడటమంటే ఇదీ!” అని దర్శకుడు పరవశించాడు.

మేనేజరు పత్రాన్ని ముందుకు జరిపాడు. “ఈ ముఖం మీదేనని సంతకం పెట్టండమ్మా.”

“ఎవర్రా ఈవిడ?” పెద్దమ్మ తెరకేసి చూసింది. “ఎవత్తి మొహానికో నేనెలా పెడతాను?”

ఆర్టిస్టు చేతులు జోడించాడు. “నీకు పుణ్యముంటుంది పెద్దమ్మా, నా ఉద్యోగం...”

“సంతకమేగా కావాలి?” ఆమె కలం అందుకుని, ‘నాదే’ అన్న మాట కొట్టివేసి, ‘నాది కాదు’ అని రాసింది.

మేనేజరు చదివి, ముఖం చేటంత చేసుకున్నాడు. “మరీ మంచిది! ఎవరిదీ కాని మొహానికి అనుమతితో పనేముంది? ఏమయ్యా, నీ ఉద్యోగం ఖాయం పో!”

పెద్దమ్మ ఆ దిద్దుబాటు కింద గుండ్రంగా సంతకం చేసింది. మేనేజరు కాగితాన్ని మడిచి, ఆమోదపత్రాల ఫైలులో భద్రపరిచాడు.